ఓనరు అప్పు, మన గుమ్మం: బ్యాంకు వేలానికి వచ్చిన ఇంట్లో అద్దెకున్నవాళ్ళూ, ఆ వీధివాళ్ళూ ఏం చేయాలి?

"అమ్మా, బ్యాంకోళ్ళు వచ్చి మీ తలుపుకు కాయితం అంటించిపోయిన్రు" అని వాచ్‌మన్ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే తలుపు మీద రెండు పేజీల నోటీసు. పైన బ్యాంకు ముద్ర, లోపల మా ఓనరు పేరు, ఆయన భార్య పేరు, బాకీ అంకె. మా పేరు ఎక్కడా లేదు. పేరు లేదు కాబట్టి మాకు సంబంధం లేదనుకున్నాం. ఓనరుకు ఫోన్ చేస్తే "అదంతా నేను చూసుకుంటానండీ, మీరు కంగారుపడొద్దు" అన్నారు. ఆ మాట మీద మూడు నెలలు మామూలుగా అద్దె కట్టాం. నాలుగో నెల నుంచి ఆయన ఫోన్ ఎత్తలేదు. పిల్లల పరీక్షల మధ్యలో సామాను సర్దుకున్నాం. అడ్వాన్సులో ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

అదే అపార్ట్‌మెంట్‌లో పక్క బ్లాకుకి మారాం కాబట్టి తర్వాత జరిగిందీ కళ్ళారా చూశాను. మా పాత ఫ్లాటుకు బ్యాంకు తాళం పడి రెండేళ్ళు అలాగే ఉంది. కింది ఫ్లాటువాళ్ళ బాత్రూం పైకప్పు చెమ్మ పట్టి పెచ్చులూడింది. బాల్కనీ పావురాల పాలైంది. లిఫ్టు దిగగానే ఆ అంతస్తంతా డ్రైనేజీ వాసన.

అద్దెవాళ్ళ అవస్థ వేరు, పాడుబడ్డ ఇంటి బెడద వేరు అని అప్పటిదాకా అనుకునేదాన్ని. రెండూ ఒకటే. అద్దెవాళ్ళు గడువు తీసుకుని పద్ధతిగా ఖాళీ చేస్తే ఇంట్లో రోజూ కొళాయి తిరుగుతుంది, పొయ్యి వెలుగుతుంది, పైపు కారితే చెప్పే మనిషి ఉంటాడు. వాళ్ళను ఉన్నపళంగా తరిమేస్తే ఆ రోజు నుంచే ఇల్లు చెడిపోవడం మొదలుపెడుతుంది. అందుకే ఈ మార్గదర్శి అద్దెవాళ్ళకీ, ఇరుగుపొరుగుకీ కలిపి రాస్తున్నాను.

మొదటి మెట్టు: తలుపు మీది కాగితం ఏ దశదో పోల్చుకోండి

మన దగ్గర ఇంటి అప్పుల విషయంలో బ్యాంకులు ఎక్కువగా వాడేది 2002 నాటి సర్ఫేసీ చట్టం. దీనికింద బ్యాంకు కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోనక్కర్లేకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మవచ్చు. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే ఆ ఖాతాను ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అంటారు. అక్కడి నుంచి వరుసగా కాగితాలు వస్తాయి. మీ తలుపు మీదున్నది వాటిలో ఏదో తెలిస్తే మీ చేతిలో ఎంత సమయం ఉందో తెలుస్తుంది.

మొదటిది డిమాండ్ నోటీసు. చట్టంలోని 13(2) సెక్షన్ కింద ఇస్తారు. మొత్తం బాకీ 60 రోజుల్లో కట్టమని ఓనరుకు గడువు. ఇది చాలాసార్లు ఓనరు చిరునామాకే వెళ్తుంది, మనకు తెలియనే తెలియదు. అయినా దీని తేదీ మనకు ప్రాణం లాంటిది. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.

రెండోది స్వాధీన ప్రకటన, 13(4) సెక్షన్ కింద. దీన్ని తలుపు మీద కనబడేచోట అంటించాలి. ఏడు రోజుల్లోగా రెండు దినపత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది. మన తెలుగు పత్రికల్లో చిన్న అక్షరాలతో నిండిన "స్థిరాస్తి స్వాధీన ప్రకటన" అనే పెట్టెలు ఇవే. చాలావరకు ఇది లాంఛనంగా తీసుకునే స్వాధీనం, దాన్నే సింబాలిక్ పొజెషన్ అంటారు. కాగితం మీద ఇల్లు బ్యాంకు చేతికి వెళ్ళింది, మీరు మాత్రం ఇంట్లోనే ఉన్నారు. మాకు అంటించింది ఇదే. దీన్ని చూసి ఆ రాత్రికే మూటాముల్లె సర్దుకోనక్కర్లేదు. పట్టించుకోకుండా ఉండే కాగితమూ కాదు.

మూడోది వేలం ప్రకటన. మొదటిసారి వేలానికి 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. అది జరగక మళ్ళీ పెడితే 15 రోజులు చాలు. 2016 సవరణ తర్వాత ఓనరు బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఈ ప్రకటన అచ్చయ్యేదాకానే ఉంటుంది. కాబట్టి ఇది వచ్చాక కూడా ఓనరు "చూసుకుంటాను" అంటే ఆ మాట మీద ఆధారపడకండి.

నాలుగోది భౌతిక స్వాధీనం. ఇంట్లో మనుషులుంటే బ్యాంకు 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తుంది. ఆ అర్జీని 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి మొత్తం 60 రోజుల దాకా పొడిగించవచ్చు. ఆర్డరు వచ్చాక అడ్వొకేట్ కమిషనర్ (మేజిస్ట్రేటు నియమించే లాయరు), అవసరమైతే పోలీసులు వచ్చి ఇల్లు తీసుకుంటారు. ఈ అర్జీ నడుస్తున్న సంగతి అద్దెవాళ్ళకు ఎవరూ వచ్చి చెప్పరు. తెలుసుకునే దారి నాలుగో మెట్టులో ఉంది.

ఈ రాత్రే చేయాల్సినవి మూడు. నోటీసులో ప్రతి పేజీకీ ఫోటో తీయండి. కింద సంతకం పెట్టిన "అధీకృత అధికారి" (బ్యాంకు తరఫున ఈ వ్యవహారం చూసే అధికారి) పేరు, బ్రాంచి, ఫోన్ నంబరు రాసుకోండి. నోటీసు చింపకండి. చింపినా దాని బలం పోదు, మీరు చూడలేదని చెప్పుకునే వీలూ ఉండదు.

రెండో మెట్టు: మీ తేదీలు పక్కపక్కన రాయండి

అద్దెవాళ్ళ హక్కంతా తేదీల మీద నిలబడుతుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు తేదీలు రాయండి: ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టిన తేదీ, డిమాండ్ నోటీసు తేదీ, మీరు ఇంట్లో దిగిన తేదీ.

తాకట్టు తేదీ కోసం రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆస్తి మీదున్న లావాదేవీలు చూపే ధ్రువపత్రం తీయండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. హక్కు పత్రాల డిపాజిట్ కింద బ్యాంకు పేరుతో ఎంట్రీ ఉంటే అదే తాకట్టు. ఈసీలో కనబడకపోతే కేంద్ర స్థాయిలో తాకట్టుల వివరాలు నమోదు చేసే సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి రుసుముతో వెతకవచ్చు. డిమాండ్ నోటీసు తేదీ మీ తలుపు మీది స్వాధీన ప్రకటనలోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు చూసుకోండి.

తాకట్టుకు ముందే మీరు దిగి ఉంటే, దానికి సరైన రుజువులుంటే, మీది అన్నిటికంటే గట్టి స్థితి. అద్దె గడువు ముగిసేదాకా మిమ్మల్ని కాదనడం బ్యాంకుకు తేలిక కాదు. 2014లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది.

తాకట్టు తర్వాత, డిమాండ్ నోటీసుకు ముందు దిగినవాళ్ళే మనలో ఎక్కువ. ఇక్కడ రెండు ప్రశ్నలు. తాకట్టు పత్రంలో బ్యాంకు అనుమతి లేకుండా అద్దెకివ్వకూడదని ఉందా? ఇంటి అప్పు పత్రాల్లో ఈ షరతు చాలా మామూలు. ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్‌కు లోబడి అద్దె ఉందా? తాకట్టులో ఉన్న భవనాన్ని మూడేళ్ళకు మించి లీజుకివ్వకూడదనీ, అద్దె ముందే తీసుకోకూడదనీ అది చెబుతుంది. ఆ షరతు ఉన్నా, ఈ సెక్షన్ తప్పినా మీ వాదన బలహీనపడుతుంది.

డిమాండ్ నోటీసు తర్వాత దిగి ఉంటే, సర్ఫేసీ చట్టం 13(13) సెక్షన్ ప్రకారం బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఓనరు ఆ ఇంటిని అద్దెకివ్వకూడదు. ఓనరు మీ దగ్గర నిజం దాచి అద్దెకిచ్చాడన్నమాట. మీ పోరాటం ఓనరుతో, అడ్వాన్సు కోసం. ఇంట్లో ఉండిపోవడం కోసం డబ్బు తగలేసుకోకండి.

ఇక మన 11 నెలల అగ్రిమెంటు. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఉండడం వల్లే ఈ 11 నెలల అలవాటు వచ్చింది. 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రిజిస్టర్ కాని అగ్రిమెంటు, నోటిమాట అద్దె మీద ఆధారపడేవాళ్ళు దీర్ఘకాలం ఉండే హక్కు అడగలేరు. రెంట్ కంట్రోల్ రక్షణ ఉన్న అద్దెదారుల్ని సర్ఫేసీ పేరు చెప్పి నేరుగా ఖాళీ చేయించకూడదని 2016లో అదే కోర్టు చెప్పింది. కానీ తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించే అద్దె పరిమితి ఇవాళ్టి ఫ్లాట్ అద్దెల ముందు చాలా చిన్నది.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మనలాంటి మామూలు అద్దెవాళ్ళకు చట్టం ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండే హక్కు ఇవ్వదు. మనం రాబట్టుకోగలిగింది సమయం. మూడు నెలలో, ఆరు నెలలో, పిల్లల పరీక్షలు అయ్యేదాకానో. అది రాబట్టాలంటే కాగితాలు ఉండాలి. అగ్రిమెంటు, అద్దె పంపిన యూపీఐ లేదా బ్యాంకు వివరాలు, హెచ్‌ఆర్‌ఏ కోసం ఆఫీసులో ఇచ్చిన రసీదులు, ఆ చిరునామాతో ఉన్న గ్యాస్ కనెక్షన్, ఆధార్, పిల్లల స్కూలు కాగితాలు, మెయింటెనెన్స్ రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. అద్దె నగదుగా ఇస్తున్నవాళ్ళు ఈ నెల నుంచే మానేయండి.

మూడో మెట్టు: అద్దె ఎవరికి కట్టాలి, అడ్వాన్సు ఏమవుతుంది

స్వాధీన ప్రకటన చూడగానే చాలామంది అద్దె కట్టడం ఆపేస్తారు. అలా చేయకండి. అద్దె బాకీ ఉన్న మనిషి మాట అధికారి దగ్గరా, ట్రిబ్యునల్‌లోనూ తేలిపోతుంది. అద్దె తమకే కట్టమని బ్యాంకు రాతపూర్వకంగా అడిగేదాకా ఓనరు ఖాతాకే పంపండి. బ్యాంకు ఉత్తరం ఇస్తే ఆ ఉత్తరం కాపీ ఓనరుకు పంపి, అప్పటి నుంచి అందులో రాసిన ఖాతాలోనే వేసి రసీదు తీసుకోండి. ఫోన్‌లో ఎవరో "నేను బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా, అద్దె నాకు గూగుల్ పే చేయండి" అంటే నమ్మొద్దు.

ఇల్లు అమ్ముడుపోయిందన్న కబురు మీకు అందకముందు పాత ఓనరుకు కట్టిన అద్దెను కొత్త ఓనరు మళ్ళీ అడగలేడు. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్‌లో ఈ రక్షణ ఉంది.

అడ్వాన్సు దగ్గరే అసలు నష్టం. బ్యాంకు గానీ, వేలంలో కొన్నవాళ్ళు గానీ సాధారణంగా దాని బాధ్యత తీసుకోరు. కాబట్టి నోటీసు చూసిన వారంలోనే, ఓనరు ఇంకా ఫోన్ ఎత్తుతున్నప్పుడే కదలాలి. మేం పోగొట్టుకున్నది సరిగ్గా ఆ వారాన్నే. ఓనరుకు వాట్సాప్‌లో ఇలా రాయండి: "అన్నా, బ్యాంకు నోటీసు చూశాం. మీ ఇబ్బంది అర్థమైంది. మేం ఇచ్చిన అడ్వాన్సును వచ్చే నెలల అద్దెకు సర్దుబాటు చేసుకుంటాం. సరేనని ఒక్క మెసేజ్ పెట్టండి." ఆయన "సరే" అన్న ఒక్క మాట చాలు, దాన్ని భద్రం చేసుకోండి. అప్పుల్లో ఉన్న మనిషికి చేతిలో డబ్బు తీసివ్వడం కష్టం, అద్దె వదులుకోవడం కాస్త తేలిక. గొడవతో రాని డబ్బు మెత్తగా అడిగితే వస్తుంది.

ఆయన దొరకకపోతే అగ్రిమెంటులోని చిరునామాకు స్పీడ్ పోస్టులో ఇదే రాసి పంపండి. ఖాళీ చేశాక కూడా ఇవ్వకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ, అంటే కేసు వేయకముందే రాజీ కోసం అర్జీ పెట్టవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, ఓనరును పిలిపించి లోక్ అదాలత్‌లో మాట్లాడిస్తారు. అక్కడా కుదరకపోతే సివిల్ కోర్టు. మూడేళ్ళు దాటనివ్వకండి.

కరెంటు, నీళ్ళ బిల్లులు ఓనరు పేరున ఉన్నా సరే మీ నెల బిల్లు మీరు కడుతూ ఉండండి. కనెక్షన్ పోతే మీకే కాదు, ఆ ఇంటికీ చెరుపు మొదలైనట్టే.

నాలుగో మెట్టు: అధీకృత అధికారికి ఉత్తరం రాయండి

నేను చేయాల్సి ఉండి చేయని పని ఇది. బ్యాంకు దృష్టిలో అది "ఓనరు ఉంటున్న ఇల్లు" కావచ్చు, "ఖాళీ ఇల్లు" కూడా కావచ్చు. మీరున్నారని వాళ్ళ ఫైల్లో పడాలి. వేలం ప్రకటనలో ఆస్తి మీద తమకు తెలిసిన చిక్కులు రాయాలని నిబంధనలు చెబుతున్నాయి. మీరు ముందే తెలియజేస్తే అద్దెదారు ఉన్నట్టు కొనేవాళ్ళకూ తెలుస్తుంది. తెలిసి కొన్నవాళ్ళు మీతో మాట్లాడడానికి సిద్ధపడే వస్తారు.

ఉత్తరం తెలుగులోనో ఇంగ్లీషులోనో చిన్నగా రాయండి. నమూనా:

"అధీకృత అధికారి గారికి, ఫలానా అపార్ట్‌మెంట్ ఫలానా ఫ్లాటులో నేను నా కుటుంబంతో ఫలానా తేదీ నుంచి నెలకు ఇన్ని రూపాయల అద్దెకు ఉంటున్నాను. అగ్రిమెంటు, అద్దె చెల్లింపుల నకళ్ళు జతచేశాను. అప్పు విషయంలో నాకు ఎలాంటి సంబంధం లేదు. ఈ ఇంటిపై 14వ సెక్షన్ కింద అర్జీ వేసి ఉంటే దాని వివరాలు తెలియజేయగలరు. ఫలానా తేదీలోగా స్వచ్ఛందంగా ఖాళీ చేసి తాళాలు మీకే అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పటివరకు అద్దె క్రమంగా చెల్లిస్తాను, ఇంటిని శుభ్రంగా ఉంచుతాను. దయచేసి రాతపూర్వకంగా జవాబివ్వండి."

స్పీడ్ పోస్టు, ఈమెయిలు రెండూ పంపండి. వారం తర్వాత బ్రాంచికి స్వయంగా వెళ్ళండి. బ్యాంకుకు కావాల్సింది గొడవ లేకుండా తాళాలు. మీరు తేదీ చెప్పి ఇస్తామంటే కమిషనర్ ఖర్చు, పోలీసుల బందోబస్తు, నెలల తరబడి ఎదురుచూపు వాళ్ళకు తప్పుతాయి. మీ చేతిలో ఉన్న బలం ఇదే, దాన్ని మర్యాదగా వాడండి. ప్రభుత్వ రంగ బ్యాంకు జవాబివ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు అర్జీ పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

రికవరీ ఏజెంట్లు వచ్చి మిమ్మల్ని బెదిరిస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. అప్పు తీసుకున్నవాళ్ళకు కూడా ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు ఆంక్ష పెట్టింది. మీరు అప్పే తీసుకోలేదు. కోర్టు ఆర్డరు లేకుండా సామాను బయట పడేసే హక్కు ఎవరికీ లేదు. అలాంటిది జరిగితే వీడియో తీయండి, 112కి ఫోన్ చేయండి.

ఐదో మెట్టు: ట్రిబ్యునల్‌కు వెళ్ళాలా?

సివిల్ కోర్టులో స్టే తెస్తామని చెప్పేవాళ్ళు ఉంటారు. సర్ఫేసీ వ్యవహారాల్లో సివిల్ కోర్టు జోక్యాన్ని 34వ సెక్షన్ అడ్డుకుంటుంది. వెళ్ళాల్సింది రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి. మనకు హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. బ్యాంకు చర్య తీసుకున్న తేదీ నుంచి 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద అర్జీ వేయాలి. 2016 సవరణ అద్దెదారుల వాదన వినే అధికారాన్ని 17(4ఎ) రూపంలో ట్రిబ్యునల్‌కు స్పష్టంగా ఇచ్చింది.

తాకట్టుకు ముందు నుంచీ ఉన్నవాళ్ళు, రిజిస్టర్ చేసిన లీజు ఉన్నవాళ్ళు, ఆ ఇంట్లోనే దుకాణమో క్లినిక్కో నడుపుకుంటున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. 11 నెలల అగ్రిమెంటు ఒక్కటే చేతిలో ఉన్నవాళ్ళకు లాయరు ఫీజు కంటే కొత్త ఇంటి అడ్వాన్సు మంచి ఖర్చు అని నా అభిప్రాయం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేసి అడగండి.

ఆరో మెట్టు: వెళ్ళేటప్పుడు ఇంటిని అప్పగించి వెళ్ళండి

సామాను లారీ ఎక్కాక ప్రతి గదికీ వీడియో తీయండి. మీటర్ రీడింగు ఫోటో తీయండి. గ్యాస్ సిలిండరు వదిలి వెళ్ళకండి. ఫ్లాటుకొచ్చే నీళ్ళ ప్రధాన వాల్వు కట్టేయండి. తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళిపోవద్దు. అధికారికి గానీ ఆయన మనిషికి గానీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అసోసియేషన్‌కు ఒక కాపీ ఇవ్వండి. ఆ తర్వాత ఆ ఇంటికి ఏం జరిగినా మీ మీదికి రాదు.

ఇక వీధివాళ్ళ వంతు: ఏడో మెట్టు, తాళం పడ్డ ఇల్లు

ముందు ఒక మాట. ఓనరు మెయింటెనెన్స్ బాకీ ఉన్నాడని అద్దెవాళ్ళకు నీళ్ళు ఆపేసే అసోసియేషన్లను చూశాను. అది అన్యాయం. పైగా తెలివితక్కువ పని. ఆ కుటుంబం వెళ్ళిపోతే కట్టే చేయి కూడా పోతుంది. 20 ఫ్లాట్లున్న చోట నెలకు 2,500 చొప్పున 50,000 వసూలవుతుందనుకోండి. రెండు ఫ్లాట్లు మూతపడితే నెలకు 5,000 లోటు, రెండేళ్ళకు 1,20,000. లిఫ్టు కాంట్రాక్టు, వాచ్‌మన్ జీతం, బోరు మోటారు రిపేరు, వీటిలో ఏదో ఒకటి ఆగుతుంది. అద్దెవాళ్ళ నెలవారీ మెయింటెనెన్స్ వాళ్ళ దగ్గర తీసుకోండి, పాత బాకీ ఓనరు ఖాతాలో రాసుకోండి.

ఇల్లు ఖాళీ అయ్యాక ఏం జరుగుతుందో వరుసగా చెబుతాను, ఎందుకంటే ప్రతిదానికీ మందు ఉంది. కొన్ని వారాల్లో కమోడ్‌లో, బాత్రూం జాలీ కింది వంపులో నిలిచిన నీరు ఆరిపోతుంది. మురుగు గాలిని ఆపేది ఆ నీరే. అది ఆరితే వాసన, బొద్దింకలు పైకి వస్తాయి. వెంటిలేటర్ గుండా పావురాలు దూరతాయి. ఏదో ఒక జాయింటు దగ్గర నీరు కారి కింది ఇంటి స్లాబులోకి దిగుతుంది. వానాకాలంలో బాల్కనీ జాలీ ఆకులతో పూడిపోయి నీరు నిలుస్తుంది. డెంగీ దోమకు మురికి కాలువ అక్కర్లేదు, ఇలా నిలిచిన మంచినీరే కావాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ దోమ తాళం లోపలే ఉండదు, పక్కింటి పిల్లాణ్ణి కుడుతుంది. విడి ఇళ్ళయితే గోడ పగుళ్ళలో రావి మొక్క లేస్తుంది. నాలుగు ఆకులున్నప్పుడు చేత్తో పీకే మొక్క మూడేళ్ళకు గోడనే చీలుస్తుంది.

చేయాల్సింది ఇది. ఇల్లు బ్యాంకు చేతికి వచ్చిన వారంలోనే అసోసియేషన్ లేదా కాలనీ సంఘం తరఫున అధీకృత అధికారికి ఉత్తరం రాయండి. 2002 నాటి సెక్యూరిటీ ఇంటరెస్ట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ నిబంధనల్లో 8(3), 8(4) అని రెండు ఉన్నాయి. స్వాధీనం చేసుకున్న ఇంటిని జాగ్రత్తపరుడైన యజమాని ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలనీ, అమ్మేదాకా దాన్ని కాపాడాలనీ ఆ అధికారి మీదే బాధ్యత పెట్టాయి. ఈ రెండు నంబర్లు చాలా సంఘాలకు తెలియవు. నేను అసోసియేషన్ ట్రెజరర్ అయ్యాక ఇవి ప్రస్తావించి ఉత్తరం రాస్తే, అంతకుముందు ఏడాదిగా పలకని బ్రాంచి నుంచి పది రోజుల్లో మనిషి వచ్చాడు.

ఉత్తరంలో అడగాల్సినవి: నెలకోసారి బ్యాంకు మనిషి వచ్చి సంఘం ప్రతినిధి ముందు తలుపు తీయాలి, నీళ్ళ వాల్వు కట్టి ఉందో చూడాలి, కమోడ్‌లో, జాలీల్లో నీళ్ళు పోయాలి. నీళ్ళ మీద ఒక చెంచా వంటనూనె వేస్తే త్వరగా ఆరదు. వెంటిలేటర్లకు, బాల్కనీకి వల కట్టాలి. విడి ఇల్లయితే సంపు, పైన ట్యాంకు ఖాళీ చేసి మూత వేయాలి. రాత్రి పైపు పగిలితే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు ఇవ్వాలి.

మీరే తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళకండి, మంచి ఉద్దేశంతోనైనా సరే. నీరు ఉధృతంగా కారుతుంటే బయట వాల్వు కట్టి, అధికారికి, పోలీసులకు చెప్పి, ఇద్దరు సాక్షుల ముందు వీడియో తీస్తూ మాత్రమే తలుపు తీయించండి.

బ్యాంకు స్వాధీనం ఇంకా జరగలేదు, ఓనరు జాడ లేదు, ఇల్లు మాత్రం తాళంతో ఉంది అనుకోండి. ఇది అన్నిటికంటే చిక్కు దశ. ఇక్కడ మున్సిపాలిటీయే దిక్కు. దోమల సంగతి ఎంటమాలజీ విభాగానికి, చెత్త సంగతి శానిటేషన్‌కు విడివిడిగా ఫిర్యాదు చేసి నంబర్లు తీసుకోండి. కూలేలా ఉన్న గోడకు, పాత మిద్దెకు టౌన్ ప్లానింగ్ విభాగం. హైదరాబాద్‌లో 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ కింద శిథిల కట్టడాలకు నోటీసిచ్చే అధికారం కమిషనర్‌కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లోనే అర్జీ పెట్టండి. జూన్ వానలు మొదలయ్యాక వరసలో చివర నిలబడాల్సి వస్తుంది. వీధిలోని పది ఇళ్ళవాళ్ళు సంతకాలు చేసిన అర్జీకి ఒక్కరి ఫోన్ కాల్ కంటే బరువుంటుంది.

వేలం ప్రకటన రాగానే మెయింటెనెన్స్ బాకీ లెక్క బ్యాంకుకు పంపండి. ఈ వేలాలు "ఉన్నది ఉన్నట్టుగా" అనే షరతు మీద జరుగుతాయి. బాకీ ముందే లెక్కలో పడితే కొన్నవాళ్ళు గొడవ లేకుండా కట్టే అవకాశం పెరుగుతుంది. కొత్త ఓనరు వచ్చిన రోజు లెక్క కాగితంతో పాటు చేతికి కాఫీ కూడా ఇవ్వండి. ఆ ఇల్లు మళ్ళీ మనుషులతో నిండడం మనందరికీ కావాలి.

బెంగళూరులో, అమెరికాలో ఉన్న మనవాళ్ళకు

బెంగళూరులో అద్దె లేకుండా లక్షలు ఒకేసారి ఇచ్చి రెండు మూడేళ్ళు ఉండే "లీజు" ఇళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంటే ఆ మొత్తమంతా ప్రమాదంలో ఉన్నట్టే. ఈసీ చూడకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా ఈ లీజు ఎప్పుడూ తీసుకోకండి.

అమెరికాలో అద్దెకున్నవాళ్ళ పరిస్థితి మనకంటే నయం. అక్కడి ఇళ్ళ సంక్షోభం తర్వాత 2009లో అద్దెదారుల రక్షణకు ఫెడరల్ చట్టం తెచ్చారు. 2014 చివర గడువు తీరినా 2018లో శాశ్వతంగా పునరుద్ధరించారు. ఇల్లు జప్తయినా నిజమైన అద్దెదారుకు కనీసం 90 రోజుల నోటీసివ్వాలి. లీజు ఉంటే చాలావరకు అది ముగిసేదాకా ఉండనివ్వాలి. కొన్నవాళ్ళే స్వయంగా కాపురం ఉండబోతే మాత్రం 90 రోజులు చాలు. ఎవరైనా డబ్బు చూపించి "వారంలో ఖాళీ చేయండి" అంటే సంతకం పెట్టకముందు ఈ హక్కు గుర్తుంచుకోండి. మన దగ్గర కూడా ఇలా అంకె వేసి గడువిచ్చే చట్టం రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కొత్త ఇల్లు చూస్తున్నారా? దిగకముందు అరగంట పని

ఈసీ తీయండి. తాకట్టు కనబడినంత మాత్రాన వెనక్కి పోనక్కర్లేదు, సగం ఊరు ఇంటి అప్పు మీదే నడుస్తోంది. కిస్తీలు సరిగ్గా కడుతున్నారా అన్నదే చూడాలి. ఆస్తి పన్ను బాకీ ఆన్‌లైన్‌లో చూడండి. మెయింటెనెన్స్ ఎన్ని నెలలుగా కట్టలేదో అసోసియేషన్‌ను అడగండి. "ఈ ఇంటికి బ్యాంకోళ్ళు ఎప్పుడైనా వచ్చారా?" అని వాచ్‌మన్‌ను అడగండి, ఆయనకు అన్నీ తెలుసు. మార్కెట్ కంటే బాగా తక్కువ అద్దె, దానికి బదులు పెద్ద అడ్వాన్సు అడుగుతుంటే ఆగి ఆలోచించండి.

అగ్రిమెంటులో ఈ వాక్యాలు రాయించండి: "ఈ ఇంటిపై ఫలానా బ్యాంకులో అప్పు ఉన్నది / లేదు. బ్యాంకు నుంచి ఏ నోటీసు వచ్చినా యజమాని ఏడు రోజుల్లోగా అద్దెదారునకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అలాంటి నోటీసు వచ్చిన నాటి నుంచి అద్దెదారు తన అడ్వాన్సును నెలవారీ అద్దెకు సర్దుబాటు చేసుకునే హక్కు కలిగి ఉంటారు." ఇప్పుడు మేం ఉంటున్న ఇంటి ఓనరమ్మ గారికి ఇది చూపిస్తే ఒక నిమిషం చదివి, "ఇందులో తప్పేముందమ్మా" అని సంతకం పెట్టారు.